టర్బో కారులో పొగ లీకు, విరిగిన స్టడ్డు

(విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో, మోటారు మెకానిక్ పని నేర్చుకుంటున్న విద్యార్థుల ముందు ఒక వర్క్‌షాపు యజమాని చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. పని నేర్చుకుంటున్న తమ్ముళ్ళకు, వెనుక వరుసలో కూర్చున్న ఇద్దరు చెల్లెళ్ళకు ఆశీస్సులు. నన్ను టర్బోఛార్జర్ గురించి మాట్లాడమని పిలిచారు. టర్బో గొప్పతనం చెప్పేవారు చాలామంది ఉన్నారు కాబట్టి, దాన్ని ఇంజనుకు పట్టి ఉంచే నాలుగు నట్ల గురించి మాట్లాడతానని నిర్వాహకులను నేనే అడిగి ఒప్పించుకున్నాను.

నా చేతిలో ఉన్నది ఎనిమిది మిల్లీమీటర్ల స్టడ్డు ముక్క. స్టడ్డు అంటే తల లేని బోల్టు; ఒక చివర ఇంజనులోకి దిగి ఉంటుంది, రెండో చివరకు నట్టు పడుతుంది. ఈమధ్య ఒక కారు ఇంజను హెడ్డులోంచి, అంటే సిలిండర్ల పైన ఉండే మూతలోంచి తీశాను. దీన్ని మీ మధ్యకు పంపిస్తున్నాను. ఒకరి తరువాత ఒకరు వెలుతురులో పట్టుకుని చూడండి. విరిగిన ముఖం మీద రెండు రంగులు కనిపిస్తాయి. ముప్పాతిక భాగం నున్నగా, తుప్పుతో నల్లబడి ఉంది. ఆ నునుపులో ఒక అంచున మొదలై విల్లులా వంగిన సన్నని గీతలు ఒకదాని వెనుక ఒకటి ఉన్నాయి. మిగిలిన పావు భాగం పంచదార పలుకుల్లా గరుకుగా, మెరుస్తూ ఉంది. మన ఆర్కే బీచ్‌లో ఆటు వేళ సముద్రం వెనక్కి తగ్గుతూ తడి ఇసుక మీద వదిలే వంపు గీతలు మీకు తెలిసినవే. ఇవి కూడా అలాగే ఉంటాయి కనుక లోహ శాస్త్రం చదివినవారు వీటిని బీచ్ మార్కులనే అంటారు. అంటే ఈ స్టడ్డు ఒక్క రోజులో విరగలేదు. ఒక అంచున వెంట్రుక వాసి పగులు పుట్టి, ఇంజను వేడెక్కి చల్లారిన ప్రతిసారీ కొంచెం కొంచెం లోపలికి పాకి, చివరికి మిగిలిన పావు వంతు లోహం బరువు మోయలేక తెగింది. పాత మెకానిక్ బలంగా బిగించి విరగ్గొట్టాడని కారు యజమాని నా దగ్గర వాపోయారు. ఈ ముక్క ఆ మాట నిజం కాదని చెబుతోంది. బిగింపు ఎక్కువై తెగిన బోల్టు మెలితిరిగి, మెడ సన్నబడి తెగుతుంది. ఇన్ని గీతలు పడవు, లోపలి ముఖానికి ఇంత పాత తుప్పు పట్టదు. విరిగిన ముక్కను చెత్తబుట్టలో పడేసేవాడు సగం సమాచారాన్ని పడేస్తున్నాడని నా అభిప్రాయం.

టర్బో పని మీకు తెలిసిందే కాబట్టి రెండు మాటల్లో ముగిస్తాను. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ 1905లో పేటెంటు తీసుకున్న ఆలోచన ఇది. వృథాగా పోయే పొగలోని వేడిని, ఒత్తిడిని వాడుకుని ఒక చక్రం తిప్పడం, ఆ చక్రం ఇరుసుకే అవతలి చివర ఉన్న మరో చక్రంతో గాలిని ఇంజనులోకి నొక్కి పంపడం. చిన్న కార్లలో ఈ ఇరుసు నిమిషానికి రెండు లక్షల చుట్లకు అటూ ఇటుగా తిరుగుతుంది. డీజిలు ఇంజనులో టర్బోకు చేరే పొగ వేడి ఏడెనిమిది వందల డిగ్రీల దాకా పోతే, పెట్రోలు టర్బోలో తొమ్మిది వందలు దాటుతుంది. మామూలు ఇంజనులో, సిలిండర్ల పొగను ఒకచోటికి చేర్చే మానిఫోల్డు లీకైతే చెవికి ఇబ్బంది. టర్బో ఇంజనులో అదే లీకు బండి బలాన్ని తినేస్తుంది, ఎందుకంటే టర్బోకు ముందు బయటపడిన పొగ చక్రాన్ని తిప్పకుండానే పోతుంది. అందుకే లీకు అనగానే నేను మొదట అడిగే ప్రశ్న, అది టర్బోకు ముందా, తరువాతా అని.

ముందు అయితే బండి లాగదు, పికప్ ఆలస్యంగా వస్తుంది, బూస్టు, అంటే టర్బో నొక్కి పంపే గాలి ఒత్తిడి, తక్కువగా ఉందని కంప్యూటరు కోడు చూపుతుంది. తరువాత అయితే లాగుడు పెద్దగా మారదు కానీ శబ్దం, వాసన వస్తాయి. పైగా టర్బో వెనుక ఉండే ఆక్సిజన్ సెన్సరుకు ముందు ఎక్కడైనా సందు ఉంటే, పొగ తెరలు తెరలుగా పోయేటప్పుడు మధ్యలో ఒత్తిడి తగ్గిన క్షణాన బయటి గాలి లోపలికి పీల్చబడుతుంది. ఆ గాలిని చూసి సెన్సరు, పెట్రోలు చాలడం లేదని పొరపడుతుంది, కంప్యూటరు ఇంకా పెట్రోలు పోస్తుంది. మైలేజీ పడిపోయిందని ఇంజెక్టర్లు కడిగించుకుని, స్పార్కు ప్లగ్గులు మార్పించుకుని, చివరికి నా దగ్గరకు వచ్చినవారు ఉన్నారు.

శబ్దం గురించి ఒక్క మాట. తెల్లవారి చల్లటి ఇంజను స్టార్టు చేసినప్పుడు టిక్ టిక్ టిక్ మని, ఇంజను వేగంతో పాటు పెరిగే శబ్దం వచ్చి, పది నిమిషాల తరువాత అదే తగ్గిపోతే, వాల్వులను నొక్కే ట్యాపెట్ల మీదకు పోకముందు మానిఫోల్డును అనుమానించండి. ఇనుము వేడెక్కి వ్యాకోచించి సందును తానే మూసుకుంటుంది. మధ్యాహ్నం మీ దగ్గరకు వచ్చిన బండిలో ఆ శబ్దం ఉండదు. మీరు ఏమీ లేదంటారు, యజమాని మీ మీద నమ్మకం పోగొట్టుకుంటాడు. అలాంటి బండిని రాత్రికి షెడ్డులో ఉంచుకుని, పొద్దున్నే మీ చేత్తో మీరే స్టార్టు చేయాలి.

ఇక్కడ ఒక బండి సంగతి చెప్పాలి. అరకుకు పర్యాటకులను తిప్పే ఒకాయన డీజిలు బండి, శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటు ఎక్కడం మొదలుపెట్టగానే చతికిలబడేది. అంతకు ముందు ఒక వర్క్‌షాపులో టర్బో పోయిందని కొత్తది వేశారు. డబ్బు పోయింది, రోగం అలాగే ఉంది. ఆయన నాతో, "బాబూ, టర్బో మార్చాక కూడా ఎక్కకపోతే ఇంజనే దింపించేయాలా?" అని అడిగారు. నేను చేసిందల్లా మానిఫోల్డు మీది రేకు కవచాన్ని విప్పి బ్యాటరీ లైటు వేసి చూడడం. నాలుగో సిలిండరు చివర, మానిఫోల్డుకూ హెడ్డుకూ మధ్య నుంచి పైకి కాకి ఈకలా నల్లటి మసి చార ఒకటి ఉంది. దాని మొదట్లో స్టడ్డు ఉండాల్సిన చోట నట్టూ లేదు, స్టడ్డూ లేదు. హెడ్డు రంధ్రపు మరల్లో విరిగిన ముక్క మిగిలి ఉంది. ఎవరో రేకును విప్పకుండానే టర్బో మార్చారు. ఆ మసి చారను వేలితో తుడిచి ఆయనకు చూపించినప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను.

మసి కనిపించని లీకు కూడా ఉంటుంది, ముఖ్యంగా పెట్రోలు బండ్లలో. చల్లటి ఇంజనులో సైలెన్సరు గొట్టంలోకి వెనుక నుంచి వాక్యూమ్ క్లీనరు ఊదే వైపు పెట్టి, చుట్టూ గుడ్డ కుక్కి, అతుకుల మీద సబ్బు నీళ్ళు చల్లితే బుడగలు చెబుతాయి. గొట్టాల్లోకి పొగ ఊది లీకు చూపే స్మోక్ మెషిన్ ఉన్నవారికి అది ఇంకా సులువు. వేడి ఇంజను దగ్గర చెయ్యి పెట్టి వెతకకండి. పొగ వాసన కారు లోపలికి వస్తోందని ఎవరైనా చెబితే ఆ బండిని ఆ రోజే చూడండి. ముందు అద్దం కింది జాలీ నుంచి ఏసీకి గాలి పోతుంది, మానిఫోల్డు దాని కిందే ఉండే ఇంజన్లు చాలా ఉన్నాయి. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పి, వికారం, మగత, ఆ పైన ప్రాణానికే ముప్పు.

ఇక స్టడ్డు ఎందుకు విరుగుతుందో చూద్దాం. నలభై సెంటీమీటర్ల పోత ఇనుము మానిఫోల్డు ముప్ఫై డిగ్రీల నుంచి ఆరు వందల ముప్ఫై దాకా వేడెక్కిందనుకోండి. పోత ఇనుము ఒక డిగ్రీకి తన పొడవులో పది లక్షల వంతుల్లో సుమారు 11 వంతులు పెరుగుతుంది. లెక్క కడితే 2.6 మిల్లీమీటర్లు. అల్యూమినియం హెడ్డు అంతకు రెట్టింపు వేగంతో, అంటే 23 వంతుల చొప్పున పెరిగే లోహమే అయినా, లోపల నీళ్ళు తిరుగుతుంటాయి కనుక అది వంద డిగ్రీల దగ్గరే ఆగుతుంది. దాని పెరుగుదల సుమారు 0.6 మిల్లీమీటర్లే. తేడా రెండు మిల్లీమీటర్లు. మధ్య స్టడ్డు కదలకుండా ఉంటే, రెండు చివరలా చెరొక మిల్లీమీటరు జరగాలి. అది మీ జేబులోని ఏటీఎం కార్డు మందం కన్నా ఎక్కువ. అందుకే మానిఫోల్డు చివరి రంధ్రాలను స్టడ్డు కన్నా పెద్దవిగా, కొన్నింట కోలగా చేస్తారు. ఆ జారుడుకు చోటు ఉండాలి. ఆ రంధ్రంలో తుప్పు నిండినా, మానిఫోల్డు వంగిపోయినా, చిన్న వాషరు బదులు దొరికిందేదో వేసి బిగించినా, జారాల్సిన ఇనుము జారక స్టడ్డును పక్కకు వంచుతుంది. రోజుకు నాలుగుసార్లు వంచి వదిలితే ఏ ఉక్కు అయినా ఎన్నాళ్ళు ఆగుతుంది? చివరి స్టడ్లే ముందు విరగడానికి కారణం ఇదే.

రెండో కారణం బరువు. మానిఫోల్డు, దానికి వేలాడే టర్బో, ఆ టర్బోకు వేలాడే గొట్టం, ఈ బరువంతా స్టడ్ల మీదే పడకూడదని కంపెనీవారు కింద నుంచి ఇంజను బ్లాకుకు ఒక ఊత బ్రాకెట్టు ఇస్తారు. అది చెయ్యి దూరని చోట ఉంటుంది. టర్బో విప్పినప్పుడు దాన్ని తీసి, బిగించేటప్పుడు ఆ రెండు బోల్టులు అందక, పక్కన పెట్టేసే అలవాటు మనలో ఉంది. నేనూ చేశాను కనుకనే చెబుతున్నాను. నేను చూసిన విరిగిన స్టడ్లలో ఆ బ్రాకెట్టు లేని బండ్లవి తక్కువేమీ కావు. బ్రాకెట్టు కనిపించకపోతే కొత్త స్టడ్డు వేయడం కన్నా ముందు ఆ బ్రాకెట్టును తెప్పించండి.

మూడో కారణం మన ఊరు. భీమిలి రోడ్డు పొడవునా ఇళ్ళున్నవారి బండ్లు రాత్రంతా ఉప్పుగాలిలో తడుస్తాయి. ఉక్కు స్టడ్డు, అల్యూమినియం హెడ్డు, మధ్య ఉప్పు తేమ, ఈ మూడూ కలిస్తే చిన్న బ్యాటరీ తయారైనట్టే; రెండు లోహాల్లో అల్యూమినియం తినేయబడి తెల్లటి పొడిగా మారి మరల్లో బిగుసుకుంటుంది. నట్టు వైపు ఇనుప తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమించి మరలను పట్టేస్తుంది. లోపలి ఊళ్ళ నుంచి వచ్చిన పదేళ్ళ బండి నట్లు పానాకు లొంగితే, ఇక్కడ ఐదేళ్ళ బండి నట్టు మొండికేయడం మామూలే. వానాకాలంలో అండర్‌బ్రిడ్జిల కింద నిలిచిన నీళ్ళలోంచి కాగిన మానిఫోల్డుతో దూసుకుపోయే బండ్లకు పగుళ్ళ బెడద అదనం.

ఇప్పుడు తీసే పని. విరిగిన స్టడ్డును తీయడం కన్నా, విరగకుండా నట్టు విప్పడం పది రెట్లు తేలిక. కాబట్టి తొందరపడకండి. ముందు రోజు సాయంత్రమే తీగ బ్రష్షుతో మరలు రుద్ది, తుప్పులోకి ఇంకే నూనె పోసి, మర్నాడు మళ్ళీ పోయండి. పానా వేసినప్పుడు మొదట విప్పే వైపు కాదు, కొద్దిగా బిగించే వైపు కదపండి. తుప్పు పొర చిట్లుతుంది. కదిలాక ఒకేసారి విప్పకుండా పావు చుట్టు వదలడం, కొంచెం వెనక్కి తేవడం, నూనె పోయడం, ఇలా ముందుకూ వెనక్కూ తీసుకురండి. పానా చేతికి స్పాంజిలా మెత్తగా తగిలిందంటే నట్టు కదలడం లేదు, స్టడ్డు మెలిపడుతోంది, అక్కడే ఆపాలి. గ్యాసు మంట పెట్టి నట్టును ఎర్రగా కాల్చి, కాస్త ఆరాక మైనం ముక్క ఆనిస్తే, కరిగిన మైనం మరల్లోకి పాకిపోతుంది. నా మేస్త్రి నేర్పిన ఈ చిట్కా ఖరీదైన స్ప్రేలు విఫలమైన చోట పనిచేయడం నేను చూశాను. మంట నట్టు మీదే ఉండాలి. హెడ్డు అల్యూమినియం మిశ్రమం ఆరు వందల డిగ్రీల లోపే మెత్తబడి కరగడం మొదలుపెడుతుంది, అదీ ఎర్రబడి హెచ్చరించకుండానే. అంతకు ముందు పోసిన నూనె తుడిచేసి, పక్కన మంటలార్పే సిలిండరు పెట్టుకోవడం మరవకండి.

విరిగిపోయి, రెండు మిల్లీమీటర్లయినా బయటికి ఉంటే వెల్డింగే నా మొదటి మార్గం. ముక్క మీద వాషరు పెట్టి దాని రంధ్రంలోంచి అతికించి, ఆ వాషరు మీద నట్టు పెట్టి నట్టు కడుపులోంచి మళ్ళీ అతికించాలి. ఉక్కు వెల్డింగు అల్యూమినియానికి అంటుకోదు కనుక హెడ్డుకు ప్రమాదం తక్కువ. అతుకు ఎంత గట్టిదన్నది ముఖ్యమే కానీ, అసలు పని చేసేది ఆ వేడి. ముక్క ఎర్రబడి, ఉబ్బి, మళ్ళీ కుదించుకున్నప్పుడు తుప్పు పట్టు వదులుతుంది. ఎరుపు పోయేదాకా ఆగి, పైన చెప్పినట్టే ముందుకూ వెనక్కూ తిప్పండి. మొదటిసారి అతుకు ఊడితే నిరాశ పడకండి, ఐదోసారికి వచ్చిన ముక్కలు ఉన్నాయి. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పండి. ఎర్తు క్లాంపును హెడ్డుకే, పనికి దగ్గరగా పెట్టండి. దూరంగా ఎక్కడో పెడితే కరెంటు టర్బో బేరింగుల గుండా దారి వెతుక్కోవచ్చు.

హెడ్డు ముఖానికి సమానంగా విరిగితే డ్రిల్లు తప్పదు. ఇక్కడ నా తప్పు ఒకటి చెబుతాను. పని నేర్చుకున్న కొత్తలో ఇలాంటి ముక్కకు మధ్యలో రంధ్రం వేసి, ఈజీ-అవుట్ అనే ఎడమ మర పుల్లను దూర్చి, పొడవాటి పానాతో గట్టిగా తిప్పాను. టక్కుమని విరిగింది. ముక్క కాదు, ఈజీ-అవుట్. అది గట్టిపరచిన ఉక్కు, మామూలు డ్రిల్లు బిట్టు దాని మీద జారిపోతుంది కానీ కొరకదు. హెడ్డు దింపి, కరెంటు మెరుపుతో లోహాన్ని తినేసే యంత్రం ఉన్న చోటికి మోసుకుపోయి తీయించాల్సి వచ్చింది. ఆ ఖర్చు మేస్త్రి నా జీతంలోంచి కోయలేదు. కోసి ఉంటే బాగుండేదని ఆయన మౌనం చూసి అనిపించింది. ఎనిమిది మిల్లీమీటర్ల స్టడ్డు బలానికి లొంగకపోతే, అందులో దూరిన నాలుగు మిల్లీమీటర్ల పుల్ల ఎలా తిప్పగలదని నాకు అప్పుడు తోచలేదు.

కాబట్టి, ముక్కను ఆకురాయితో చదును చేసి, సెంటర్ పంచ్ సరిగ్గా మధ్యలో కొట్టండి. పంచ్ అర మిల్లీమీటరు పక్కకు పోతే బిట్టు మెత్తటి అల్యూమినియం వైపే జారిపోతుంది. మంచి మానిఫోల్డును మిగతా స్టడ్లకు బిగించి, దాని రంధ్రంలో లేతు మీద చేయించిన బుష్షు, అంటే డ్రిల్లుకు దారి చూపే గొట్టం ముక్క, పెట్టి, ఆ బుష్షులోంచి డ్రిల్లు చేస్తే పక్కకు పోయే భయం ఉండదు. ఎడమ వైపు తిరిగే బిట్లు దొరికితే అవే వాడండి. సగం లోతుకు పోయేసరికి ఆ వేడికి, ఆ తిప్పుడుకు ముక్క తనంతట తానే బయటికి వచ్చేయవచ్చు. రాకపోతే సన్న బిట్టు నుంచి మొదలుపెట్టి 6.8 మిల్లీమీటర్ల దాకా పెంచండి. ఎనిమిది మిల్లీమీటర్ల మామూలు మరకు ట్యాపు (రంధ్రం లోపల మర కోసే పనిముట్టు) వేయాల్సిన రంధ్రం కొలత అదే కాబట్టి, రంధ్రం నడిమధ్యన ఉంటే పాత స్టడ్డులో మిగిలేది తీగ చుట్టలాంటి మర మాత్రమే; దాన్ని సూదిమొనతో లాగేయవచ్చు. మర పాడైతే కొత్త మరగా పనిచేసే హెలికాయిల్ అనే తీగ చుట్ట వేయండి, సిగ్గుపడాల్సిన పని కాదు. అల్యూమినియంలో అది పాత మర కన్నా గట్టిగా నిలుస్తుంది. లోతు మాత్రం ముందే కొలుచుకోండి. కొన్ని హెడ్లలో స్టడ్డు రంధ్రం వెనుకనే నీళ్ళ దారి ఉంటుంది.

బిగించే ముందు మానిఫోల్డు ముఖం మీద స్టీలు స్కేలు నిలబెట్టి, సందు కొలిచే పలుచటి రేకుల ఫీలర్ గేజితో చూడండి. కంపెనీ చెప్పిన హద్దు దాటి వంగి ఉంటే ఫేసింగ్ చేయించండి, అంటే ముఖాన్ని యంత్రం మీద చదును చేయించండి. వంగిన ముఖానికి ప్యాకింగు మీద ప్యాకింగు వేసి బిగిస్తే కొన్నాళ్ళకే చివరి స్టడ్డు మళ్ళీ మీ చేతికి వస్తుంది. బిగింపు మధ్య నుంచి మొదలై చివరలకు పోవాలి, రెండు మూడు విడతల్లో, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ పానాతో. ఎనిమిది మిల్లీమీటర్లకు సాధారణంగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల పరిసరాల్లో ఉంటుంది, కానీ ఆ బండి మాన్యువలే చివరి మాట. మరలు పట్టేయకుండా వాటికి నికెల్ పేస్టు రాసినప్పుడు అదే టార్క్‌కు బిగింపు ఎక్కువ పడుతుందని గుర్తుంచుకోండి. టర్బోలోకి పోయే ప్రతి నోటికీ గుడ్డ కట్టి, విప్పిన నట్లూ వాషర్లూ లెక్కపెట్టి పళ్ళెంలో ఉంచండి. ఒక్క వాషరు ఆ చక్రంలో పడితే ఇప్పటిదాకా చెప్పినదంతా వృథా.

ఇప్పుడు ప్రశ్నలు. ముందు వరుసలోని తమ్ముడు, గట్టి బోల్టు కావాలంటే తల మీద 10.9 అని బలం గుర్తు ఉన్నదో, స్టెయిన్‌లెస్‌దో వేయవచ్చా అని అడిగారు. వేయకూడదు. 10.9 బోల్టుకు ఆ గట్టిదనం ఉక్కును కాల్చి చల్లార్చడం వల్ల వచ్చింది. మానిఫోల్డు వేడిలో ఏళ్ళ తరబడి ఉంటే అది దిగిపోతుంది. మామూలు స్టెయిన్‌లెస్ డిగ్రీకి 17 వంతులు పెరిగితే పోత ఇనుము 11 వంతులే పెరుగుతుంది. కాబట్టి వేడిలో స్టడ్డు ఎక్కువగా సాగి బిగింపు వదులవుతుంది, పైగా మరలు ఒకదానికొకటి కరుచుకుంటాయి. కంపెనీ ఇచ్చిన వేడి తట్టుకునే స్టడ్డే వేయండి, నట్లు ప్రతిసారీ కొత్తవి. ఒకటి విరిగితే అన్నీ మార్చాలా అని చెల్లెమ్మ అడిగింది. ఒకటి అలసి విరిగిందంటే పక్కవీ అంతే వేడి, అంతే వంపు చూశాయి. విప్పినప్పుడు సులువుగా వచ్చినవన్నీ మార్చండి. మధ్యలో రాకుండా మొరాయించేది బాగుంటే బలవంతం చేసి కొత్త పని పెట్టుకోకండి.

పగిలిన మానిఫోల్డుకు వెల్డింగు చేయవచ్చా అన్నది మూడో ప్రశ్న. మొత్తం ముక్కను ముందు వేడి చేసి, నికెల్ కడ్డీతో అతికించి, ఇసుకలో పాతిపెట్టి నెమ్మదిగా చల్లారిస్తే కొంతకాలం నిలుస్తుంది. లారీకి కొత్తది దొరికేదాకా నేనూ చేశాను. కారుకైతే కొత్తదే వేస్తాను, ఎందుకంటే అతుకు పక్కనే మళ్ళీ పగిలి, ఊడిన పలుకు నేరుగా టర్బో చక్రంలోకి పోతుంది.

ఎంత తీసుకోవాలని అడిగిన తమ్ముడికి నా జవాబు ఇది. పానా పట్టకముందే, నట్టు విరగకుండా వస్తే ఇంత, విరిగితే ఇంత, హెడ్డు దింపాల్సి వస్తే ఇంత అని మూడు అంకెలు కాగితం మీద రాసి యజమానికి చూపించండి. విరిగాక చెప్పే అంకెను ఎవరూ నమ్మరు.

ఆ బల్ల మీద ఒక పాత హెడ్డు ఉంది, అందులో విరిగిన స్టడ్లు ఆరు ఉన్నాయి. మూడు బయటికి ఉన్నాయి, మూడు సమానంగా విరిగాయి. వెల్డింగు యంత్రం సిద్ధంగా ఉంది, బుష్షులు చేయించి తెచ్చాను. నల్ల అద్దాల వెల్డింగు మాస్కులు పెట్టుకుని ఇద్దరిద్దరుగా రండి.